అమెరికా షేరు ఆర్డరు ఏ మార్కెట్‌కు పోవాలో మీరే చెప్పడం ఎలా?

“అన్నా, కొనేకాడ స్మార్ట్ అని ఒకటి, ఆర్కా అని ఒకటి, నాస్‌డాక్ అని ఇంకోటి ఉన్నయి. ఏది నొక్కాలె?”

ఈ ప్రశ్న నాకు నెలకు నాలుగైదుసార్లు వస్తుంది. మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు, మా నల్లగొండలోనే పక్క వీధి నుంచి ఇంకొకరు. ఫోన్లో చెబితే సగం అర్థమై సగం ఎగిరిపోతోంది. అందుకే ఒక్కచోట రాసిపెడుతున్నా. అమెరికా షేర్ల ఖాతా ఇప్పటికే తెరిచి, ఒకటి రెండు ఆర్డర్లు పెట్టి చూసినవాళ్లకు మాత్రమే ఇది. ఏ షేరు కొనాలో ఇందులో ఉండదు.

బత్తాయి తోట ఉన్నవాళ్లకు సంగతి చిటికెలో తెలిసిపోతుంది. కాయ కోతకొచ్చింది. తోట మీదికొచ్చిన దళారికే ఇచ్చేయొచ్చు. నల్లగొండ బత్తాయి మార్కెట్‌కు తోలొచ్చు. లేదా లారీకెత్తి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా బాటసింగారం పంపొచ్చు. “ఏడికన్నా పంపు, మంచి రేటు తే” అని ఏజెంటుకు వదిలేస్తే అది స్మార్ట్ రూటింగ్. “బాటసింగారమే పోవాలె” అని మీరే చెబితే డైరెక్ట్ రూటింగ్. అలా చెప్పే వీలు ఇచ్చేవాడే డైరెక్ట్ యాక్సెస్ బ్రోకర్. ఇక కమీషన్ లేదని ప్రకటించుకునే యాప్‌లలో చాలావాటిది తోట మీది బేరం: మీ ఆర్డరు పెద్ద హోల్‌సేల్ సంస్థకు పోతుంది, పంపినందుకు ఆ సంస్థ బ్రోకర్‌కు డబ్బు ఇస్తుంది. అమెరికాలో అది చట్టబద్ధమే. అలాంటి యాప్‌లో మార్కెట్ ఎంచుకునే మీట మాత్రం ఉండదు. మీ తెర మీద అది కనిపించకపోతే ఈ వ్యాసంలో చివరి పేరా ఒక్కటి చదివితే చాలు.

కొంచెం పాత కథ, పేర్లు అర్థం కావడానికి. మనుషులు అరుచుకునే పని లేకుండా కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కంప్యూటరే జతచేసే వ్యవస్థలను ఈసీఎన్‌లు అన్నారు. మొదటిది ఇన్‌స్టినెట్, 1969లో మొదలైంది. 1997లో అమెరికాలో అమల్లోకి వచ్చిన ఆర్డర్ హ్యాండ్లింగ్ నిబంధనలతో ఐలాండ్, ఆర్కిపెలాగో లాంటివి ఊపందుకున్నాయి. తర్వాత పెద్ద చేపలు చిన్న చేపలను మింగాయి. 2002లో ఐలాండ్‌ను ఇన్‌స్టినెట్ కొన్నది, 2005లో ఆ వ్యవస్థ నాస్‌డాక్ చేతికొచ్చింది, 2006లో ఆర్కిపెలాగో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో కలిసింది. మీ తెర మీద ‘ఆర్కా’ అని కనబడేది ఆ ఆర్కిపెలాగోనే. బ్యాట్స్ కూడా ఈసీఎన్‌గా పుట్టి ఎక్స్చేంజ్ అయింది, 2017లో సీబో అనే ఇంకో ఎక్స్చేంజ్ సంస్థ కొనేసింది. అంటే ఈరోజు మీరు ఎంచుకునే ‘ఈసీఎన్’లలో చాలామటుకు పూర్తిస్థాయి ఎక్స్చేంజ్‌లే.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- మార్గం ఎంచుకునే వీలున్న బ్రోకర్ ఖాతా. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ వాళ్ల ట్రేడర్ వర్క్‌స్టేషన్‌లో ఆ వీలుంది. ఫోన్ యాప్ కంటే కంప్యూటర్ మీది సాఫ్ట్‌వేర్‌లో స్పష్టంగా కనబడుతుంది.
- అప్పటికప్పటి ధరల చందా. ఉచితంగా వచ్చే ధరలు చాలాచోట్ల 15 నిమిషాల పాతవి. ఏ మార్కెట్‌లో ఎంత సరుకు ఏ ధరకు నిలబడి ఉందో చూపే ‘డెప్త్’ పట్టిక కూడా ఉంటే మేలు.
- బ్యాంకు ద్వారా పంపిన డాలర్లు. విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఆర్థిక సంవత్సరానికి ఒక మనిషికి 2,50,000 డాలర్ల పరిమితి. 2025 ఏప్రిల్ నుంచి, పెట్టుబడి కోసం పంపేది ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటితే దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడుతుంది. అది ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది గానీ, అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే.
- మీ ఖాతా ఫిక్స్‌డ్ రుసుముదా, టైర్డ్ రుసుముదా అన్న సమాచారం. దీని సంగతి 3వ మెట్టులో.
- ఫోన్లో అదే బ్రోకర్ యాప్, వేరే నెట్‌వర్క్ సిమ్‌తో. ఎందుకో తర్వాత చెబుతా, నా జేబుకు తగిలిన దెబ్బ అది.

రెండు హెచ్చరికలు. ఎల్ఆర్ఎస్ కింద మార్జిన్ (బ్రోకర్ దగ్గర అప్పుతో చేసే వ్యాపారం) కోసం డబ్బు పంపడం నిషిద్ధం. నగదు ఖాతాలోనే పని చేయండి. పంపి, వాడకుండా ఊరికే వదిలేసిన డాలర్లను 180 రోజుల్లోగా పెట్టుబడి అయినా పెట్టాలి, వెనక్కి అయినా తేవాలి.

రెండోది ఇంకా ముఖ్యం. “ఈసీఎన్ అకౌంట్ ఇస్తాం” అని టెలిగ్రామ్‌లో తిరిగే ప్రకటనలకూ ఈ వ్యాసానికీ ఏ సంబంధమూ లేదు. అవి ఎక్కువగా అనుమతి లేని ఫారెక్స్ (విదేశీ కరెన్సీ వ్యాపారం) యాప్‌లవి. అలాంటి వాటి పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఒక హెచ్చరిక జాబితా విడుదల చేసింది. జాబితాలో పేరు లేదంటే మంచిదని అర్థం కాదు.

ఇక మెట్లు

1. గడియారం చూసుకోండి. అమెరికా మార్కెట్ అక్కడి ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4 దాకా. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అది మనకు రాత్రి 7 నుంచి 1:30. మిగతా నెలల్లో 8 నుంచి 2:30. గడియారం మారిన మొదటి వారం కనీసం ఒకరైనా “మార్కెట్ తెరవలేదేంది” అని ఫోన్ చేస్తారు. మొదటి ఆర్డర్లు తెరిచిన పది నిమిషాల్లో పెట్టకండి. ధరలు గెంతులేస్తుంటాయి, మీరు ఏది గమనించాలో అది కనబడదు.

2. సరుకు ఎక్కడుందో చూడండి. ఒక షేరు నాస్‌డాక్‌లో నమోదైందంటే నాస్‌డాక్‌లోనే అమ్ముడవ్వాలని లేదు. అక్కడ పదిహేనుకు పైనే ఎక్స్చేంజ్‌లు, వాటికి తోడు ధరలు బయటికి చూపకుండా వ్యాపారం నడిపే డార్క్ పూల్స్. ఒకే షేరు అన్నిచోట్లా ఒకేసారి నడుస్తుంది. డెప్త్ పట్టికలో చూడాల్సింది ఇది: అన్నిటికంటే మంచి ధర ఎవరి దగ్గరుంది, ఎన్ని షేర్లున్నాయి. అన్ని మార్కెట్లలోకీ కలిపి మంచి కొనుగోలు ధర, మంచి అమ్మకం ధర జంటను ఎన్‌బీబీఓ అంటారు. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసుకోండి. నవ్వకండి, తర్వాత ఫలితం సరిచూసేది ఈ కాగితంతోనే.

3. మీరు తీసుకునేవారా, పెట్టేవారా? వ్యవహారమంతా ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి.

మార్కెట్‌లో అప్పటికే నిలబడి ఉన్న ధరకు మీరు వెంటనే కొంటే మీరు సరుకు ‘తీసుకున్నారు’. నలభై డాలర్లకు అమ్ముతానని ఒకరు నిలబడి ఉంటే, మీరు 39.98కి అడిగి కూర్చుంటే, మీరు ఆర్డరు ‘పెట్టారు’. చాలా ఎక్స్చేంజ్‌లు తీసుకునేవారి దగ్గర రుసుము వసూలు చేసి, పెట్టినవారికి కొంత తిరిగి ఇస్తాయి. దీన్నే మేకర్-టేకర్ అంటారు. సీబో వారి బీవైఎక్స్ లాంటి కొన్ని మార్కెట్లలో ఇది తలకిందులు: తీసుకున్నవారికి డబ్బు వస్తుంది, పెట్టినవారు కడతారు.

ఎంత? డాలరు, ఆపైన ధర ఉన్న షేర్లకు తీసుకునే రుసుము షేరుకు 0.30 సెంటు మించకూడదని రెగ్యులేషన్ ఎన్ఎంఎస్ అనే 2005 నాటి అమెరికా నిబంధనలు పరిమితి పెట్టాయి. దాన్ని 0.10 సెంటుకు తగ్గించే నిబంధనను అక్కడి నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. పాత లెక్కనే చూద్దాం. నలభై డాలర్ల షేర్లు యాభై తీసుకుంటే రుసుము 15 సెంట్లు. అవే పెట్టి కొంటే, షేరుకు 0.20 సెంటు చొప్పున తిరిగి వచ్చిందనుకుందాం, 10 సెంట్లు మీకే. తేడా 25 సెంట్లు, మన డబ్బులో పాతిక రూపాయల లోపే.

ఇప్పుడు అసలు కిటుకు. మీది ఫిక్స్‌డ్ ఖాతా అయితే ఆ పాతిక కూడా మీకు రాదు. ఇంటరాక్టివ్ బ్రోకర్స్‌లో ఫిక్స్‌డ్ అంటే షేరుకు అర సెంటు, ఆర్డరుకు కనీసం 1 డాలరు. ఎక్స్చేంజ్ రుసుమైనా, తిరిగి ఇచ్చేదైనా అందులోనే కలిసిపోతుంది. టైర్డ్‌లో కనీసం 35 సెంట్లు, ఎక్స్చేంజ్ లెక్కలు విడిగా మీ మీద పడతాయి. టైర్డ్ ఖాతా లేకుండా రుసుము కోసమే మార్గం వెతుకుతూ రాత్రి 11 దాకా కూర్చునేవాళ్లను నేను చూశాను. వాళ్లు మిగుల్చుకున్నది సున్నా.

4. లిమిట్ ధర రాయండి, అంటే ఇంతకు మించి ఇవ్వననే ధర. ఎంతకు దొరికితే అంతకు కొనే మార్కెట్ ఆర్డరు వద్దు. మార్గం వల్ల మిగిలేది సెంట్లలో. ధర దగ్గర పోయేది డాలర్లలో. ఎక్కువ కదలని షేరులో కొనుగోలు, అమ్మకం ధరల మధ్య 20 సెంట్ల తేడా ఉండొచ్చు. యాభై షేర్ల మీద అది 10 డాలర్లు. డాలరు దాటిన షేరుకు ధర సెంటు కంటే చిన్న ముక్కల్లో రాయనివ్వరు. 39.985 అని కొడితే ఆర్డరును తిరస్కరిస్తారు.

5. మార్గం ఎంచుకోండి. ఆర్డరు వరుసలో ‘డెస్టినేషన్’ అనే గడి ఉంటుంది. మామూలుగా స్మార్ట్ అని ఉంటుంది. దాని మీద నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నాస్‌డాక్ చాలాకాలం పాత ‘ఐలాండ్’ పేరుతోనే ఉండేది, పాత వీడియోలు చూసి తికమక పడకండి.

వెంటనే కొనాలి, షేరు బాగా కదిలేది అయితే స్మార్ట్ వదిలేయండి. మీరు కళ్లతో వెతికేలోపు అది పది మార్కెట్లు చూసి వస్తుంది. ఓపిగ్గా ఒక ధర దగ్గర కూర్చోవాలనుకుంటే అప్పుడు డైరెక్ట్‌కు అర్థం ఉంది: ఆ షేరులో ఎక్కువ లావాదేవీలు జరిగే ఎక్స్చేంజ్‌ను ఎంచుకోండి. నిమిషంలో వేలసార్లు ధరలు మార్చే కంప్యూటర్ల తాకిడి కాస్త తగ్గాలంటే ఐఈఎక్స్ అనే మార్కెట్ ఉంది. వచ్చే ప్రతి ఆర్డరునూ 38 మైళ్ల పొడవున్న చుట్ట తీగ గుండా పంపి 350 మైక్రోసెకన్లు ఆపుతారు. 2016లో ఎక్స్చేంజ్ అయింది. యాభై షేర్ల మనిషికి దాని లాభం పెద్దగా కనబడదని నా అనుభవం, అయినా చూడదగ్గ వింత.

ఎంచుకున్న మార్కెట్‌లో కంటే ఇంకోచోట మంచి ధర ఉంటే ఏమవుతుంది? మామూలు వేళల్లో, ఆ మంచి ధరను దాటవేసి వ్యాపారం చేయకూడదని నిబంధన. కాబట్టి మీ ఆర్డరును ఆ ఎక్స్చేంజ్ మంచి ధర ఉన్నచోటికి పంపుతుంది. ‘బయటికి పంపవద్దు’ అని మీరు షరతు పెట్టి ఉంటే రద్దు చేస్తుంది, లేదా ధర సర్దుతుంది. ఆర్కా అని పెట్టినా రసీదులో నాస్‌డాక్ అని వచ్చిందంటే భయపడాల్సిన పనిలేదు, కారణం ఇదే.

6. షరతులు. మూడే చాలు మనకు.

‘డే’ అంటే ఆరోజు మార్కెట్ ముగిసేదాకా. ‘ఐఓసీ’ అంటే దొరికినంత వెంటనే, మిగిలింది రద్దు. ‘పోస్ట్ ఓన్లీ’ లాంటి షరతు అంటే సరుకు తీసుకునే పరిస్థితి వస్తే ఆర్డరు నిలవదు. రుసుము తిరిగి రావాలని ఇది పెట్టి, ధర మాత్రం ఎదుటివాడి అమ్మకం ధరకు సమానంగా రాస్తారు కొందరు. అది ప్రతిసారీ వెనక్కి వస్తుంది. “బ్రోకర్ మోసం చేస్తున్నాడు” అంటారు. మోసమేమీ లేదు, మీరు చెప్పిందే చేశాడు.

‘మామూలు వేళల బయట కూడా’ అనే గడిలో టిక్కు అవసరం లేకపోతే తీసేయండి. అక్కడ తెల్లవారుజామున 4కే ప్రీ-మార్కెట్ మొదలవుతుంది, వేసవిలో మనకు మధ్యాహ్నం 1:30. పాలమూరులో నా మిత్రుడొకరికి ఆ వేళ అనుకూలం, భోజనం చేసి కూర్చునేవాడు. కానీ ఇందాక చెప్పిన మంచి ధర రక్షణ ఆ సమయంలో వర్తించదు. ఒక మార్కెట్‌లో కొంటుంటే పక్క మార్కెట్‌లో అంతకంటే తక్కువకు ఉండొచ్చు, ఎవరూ ఆపరు. సరుకు కూడా పలచన. ఇప్పుడు ఆయన రాత్రి 7:30కి కూర్చుంటున్నాడు.

7. ప్రివ్యూ చూసి పంపండి, జవాబు వచ్చేదాకా ఆగండి. డైరెక్ట్ అంటే మధ్యలో ఎవరూ చూడరని కాదు. 2010లో వచ్చిన మార్కెట్ యాక్సెస్ నిబంధన ప్రకారం, ఏ ఆర్డరయినా ఎక్స్చేంజ్‌కు చేరకముందే బ్రోకర్ కంప్యూటర్ మీ డబ్బు, పరిమాణం, ధర తనిఖీ చేసి తీరాలి. ఆ తర్వాత న్యూజెర్సీలోని యంత్రాలకు పోతుంది. నాస్‌డాక్‌వి కార్టెరెట్‌లో, న్యూయార్క్ ఎక్స్చేంజ్‌వి మావాలో, సీబోవి సెకాకస్‌లో ఉన్నాయి. మన నల్లగొండ నుంచి అక్కడికి పోయే కాలం ముందు, మార్గం ఎంపికలో మిగిలే మైక్రోసెకన్లు లెక్కలోకే రావు. వేగం కోసం డైరెక్ట్ అనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోండి.

తెర మీద ‘పంపాం’, ‘ఎక్స్చేంజ్ తీసుకుంది’ అనే రెండు దశలు వేర్వేరు రంగుల్లో కనబడతాయి. రెండోది వచ్చేదాకా మీ ఆర్డరు వరుసలో నిలబడలేదు.

8. మార్చాల్సి వస్తే. ధర మార్చినా, పరిమాణం పెంచినా వరుసలో మీ స్థానం పోయి చివరికి వెళతారు. పరిమాణం తగ్గిస్తే సాధారణంగా స్థానం పోదు. రేషన్ షాపు వరుసలో సంచి పెట్టి పక్కకు పోయి వచ్చినట్టు ఇక్కడ కుదరదు. ఊరికే ధరను అటూ ఇటూ కదిలించకండి.

ఎక్కువమంది జారిపడేచోట్లు

మొదటిది నాదే. రెండేళ్ల కింద వానకాలం. ఇరవై షేర్లు కొనే ఆర్డరు నొక్కాను, అదే క్షణాన కరెంటు పోయింది. రౌటర్ ఆగింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ లాగిన్ అయ్యేసరికి తెర మీద ఆర్డరు కనబడలేదు. పోలేదనుకొని మళ్లీ నొక్కాను. అరగంట తర్వాత చూస్తే నలభై షేర్లు. మొదటిది ఎప్పుడో ఎక్స్చేంజ్‌కు చేరింది, నా తెరే తాజా కాలేదు. మీ కంప్యూటర్ ఆగితే ఆర్డరు ఆగదు. నెట్ తెగితే రెండోసారి నొక్కకముందు ఫోన్ యాప్‌లో ‘ఆర్డర్లు’, ‘లావాదేవీలు’ రెండు పేజీలూ చూడండి. అందుకే వేరే సిమ్ అన్నాను.

ఆర్డరును ఒక పలచని మార్కెట్‌కు పంపి కూర్చోవడం ఇంకోటి. ధర మీ దగ్గరిదాకా వచ్చి, పక్క మార్కెట్‌లో వ్యాపారం అయిపోయి, మళ్లీ పైకి పోతుంది. మీ ఆర్డరు అలాగే ఉంటుంది. చార్టులో “నా ధర తాకింది కదా” అనిపిస్తుంది. తాకింది, మీరు నిలబడ్డచోట కాదు. పది నిమిషాల్లో కదలకపోతే స్మార్ట్‌కు మార్చండి.

నగదు ఖాతాలో అమ్మిన డబ్బు మరుసటి పనిదినానికి గానీ సెటిల్ కాదు. 2024 మే 28 నుంచి ఈ పద్ధతి. అంతకుముందు రెండు రోజులు. సెటిల్ కాని డబ్బుతో కొని, అది చేతికి రాకముందే మళ్లీ అమ్మితే ఖాతా మీద ఆంక్షలు పడొచ్చు.

పేపర్ ట్రేడింగ్ ఖాతాలో, అంటే ఉత్తుత్తి డబ్బుతో సాధన చేసే ఖాతాలో, మీటలు నేర్చుకోండి, ఫలితాలు మాత్రం నమ్మకండి. అందులో వరుస ఉండదు, అన్నీ తేలిగ్గా నిండినట్టు చూపిస్తుంది.

అమెరికాలో ఉన్న కొడుకు ఖాతాలోకి వెళ్లి మీరు ఆర్డర్లు పెట్టడం... మా జిల్లాలో ఇది మామూలైపోయింది. లాగిన్ ఇంకొకరికి ఇవ్వడం బ్రోకర్ ఒప్పందానికి విరుద్ధం, పన్ను లెక్క కూడా అబ్బాయి నెత్తినే పడుతుంది. మీ పేరు మీదే తెరవండి.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

లావాదేవీల పేజీలో ఒక్కో నింపుడు ఒక్కో వరుసగా ఉంటుంది. యాభై షేర్లు మూడు ముక్కలుగా నిండితే మూడు వరుసలు. ఎక్స్చేంజ్ పేరున్న గడి కనబడకపోతే అమరికల్లో చేర్చుకోండి. 2వ మెట్టులో రాసుకున్న కాగితం తీయండి.

కొన్న ధర ఆనాటి మంచి అమ్మకం ధరకు సమానమో, తక్కువో అయితే బాగున్నట్టే. ఎక్కువైతే సమయం చూడండి. మీరు రాసుకున్న క్షణానికీ నిండిన క్షణానికీ మధ్య మార్కెట్ కదిలి ఉండొచ్చు. రెండూ ఒకే సెకనులో ఉండి కూడా ధర ఎక్కువైతే స్క్రీన్‌షాట్ తీసి బ్రోకర్‌ను అడగండి.

తర్వాత రుసుము. టైర్డ్ ఖాతాలో మరుసటి రోజు స్టేట్‌మెంట్‌లో విడమరిచి ఉంటుంది. పెట్టి కొన్నాననుకున్నా రుసుము కట్టినట్టు ఉంటే మీ ఆర్డరు నిజానికి సరుకు తీసుకుంది, లేదా బీవైఎక్స్ లాంటి తలకిందుల మార్కెట్‌కు పోయింది. అమ్మకాల మీద అదనంగా చిన్న రెగ్యులేటరీ రుసుములు కనబడతాయి.

ఒకే షేరు, ఒకే పరిమాణం, ఐదుసార్లు స్మార్ట్‌తో, ఐదుసార్లు డైరెక్ట్‌తో వేర్వేరు రోజుల్లో కొని ఒక పట్టిక రాయండి: ధర, రుసుము, నిండడానికి పట్టిన సమయం. నేను రాశాను. వెంటనే కొనే ఆర్డర్లన్నీ ఆ తర్వాత స్మార్ట్‌కే వదిలేశాను. ఓపిగ్గా కూర్చునే ఆర్డర్లు మాత్రం నేనే పంపుతున్నా.

మార్గం మీట లేని యాప్ వాడేవారికీ ఒక దారి ఉంది. అమెరికా నిబంధన 606 కింద అక్కడి బ్రోకర్లు మూడు నెలలకోసారి, మామూలు ఖాతాదారుల ఆర్డర్లు ఏ మార్కెట్లకు పంపారో, అందుకు ఎంత తీసుకున్నారో నివేదిక బయట పెట్టాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మీ సొంత ఆర్డర్ల గురించి అడిగే హక్కు కూడా ఉంది: గత ఆరు నెలల్లో మీ ఆర్డర్లు ఎక్కడికి పోయాయో, మీరు చెప్పి పంపినవా వాళ్లే పంపినవా, ఏ సమయానికి అమలయ్యాయో. ఖాతా నంబరు, తేదీలు రాసి, ‘606 నిబంధన కింద అడుగుతున్నాను’ అని ఒక్క ముక్క చేర్చి సపోర్ట్‌కు మెయిల్ పెట్టండి. ఇక్కడి యాప్ ద్వారా కొంటున్నట్టయితే వెనకున్న అమెరికా బ్రోకర్ పేరు మీ ఖాతా ఒప్పందంలో ఉంటుంది. మెయిల్ ఆ బ్రోకర్‌కు పోవాలి.